పాత యూరప్ వైన్ పీపాలో ఎన్ని లీటర్లు?

ప్రశ్న ఇది: 17, 18 శతాబ్దాల యూరప్ ఉత్తరాలు, ప్రయాణ కథనాలు తెలుగులోకి అనువదిస్తుంటే గ్యాలన్, పింట్, హాగ్స్‌హెడ్, పైప్, ఐమర్, మాస్ లాంటి కొలతలు అడుగడుగునా తగులుతున్నాయి. లీటర్లలోకి మారుద్దామంటే ఒక్కో వెబ్‌సైట్ ఒక్కో అంకె చెబుతోంది. వీటన్నిటికీ నమ్మదగిన పట్టిక ఒకటి ఎక్కడైనా దొరుకుతుందా?

దొరకదండీ. ఎవరైనా అలాంటిది తయారుచేసి ఇచ్చినా నమ్మకండి. మీరు చూసిన వెబ్‌సైట్లలో చాలావాటి అంకెలు తప్పు కాకపోవచ్చు. ఒక్కొక్కటీ ఏదో ఒక ఊరి లెక్క, ఏదో ఒక కాలపు లెక్క ఇస్తోంది, ఆ ఊరి పేరూ సంవత్సరమూ చెప్పకుండా వదిలేస్తోంది. గందరగోళమంతా అక్కడే. పాత యూరప్ ద్రవ కొలత ఏది కనబడ్డా ముందు అడగాల్సినవి: ఏ ఊరు, ఏ ద్రవం, ఏ సంవత్సరం. కొన్నిచోట్ల ఇంకొకటి కూడా అడగాలి: ఆ కొలత కొనేవాడి చేతిలో ఉందా, అమ్మేవాడి చేతిలో ఉందా? ఇవి తెలియకుండా లీటర్ల అంకె రాస్తే అది ఊహే అవుతుంది.

నేను తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. పెట్రోలు బంకుల పంపులు, ట్యాంకర్ లారీలు పరీక్షించి ముద్ర వేయడం మా పని. పాత కొలతల చరిత్ర మీద ఇష్టం ఆ పనిలోంచే పుట్టింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ జాబితాలోని ఐమర్‌తోనే (జర్మన్ మాట్లాడే ప్రాంతాల వైన్, బీరు కొలత) మొదలుపెడతాను, ఎందుకంటే చిక్కు దీనిలో బాగా కనబడుతుంది. 19వ శతాబ్దం తొలి రోజుల్లో ఆస్ట్రియా ఐమర్ సుమారు 56.6 లీటర్లు. బవేరియాలో 68.4. ప్రష్యాలో 68.7. వీటి మధ్య తేడా చిన్నదే, సర్దుకోవచ్చు అనుకుంటుండగా వుర్టెంబర్గ్ ఐమర్ ఎదురవుతుంది: 293.9 లీటర్లు! మాట అదే, భాష అదే, పక్క పక్క రాజ్యాలే, కానీ ఒకటి ఇంకొకదానికి నాలుగు రెట్లు పైన.

అసలు విషయం వుర్టెంబర్గ్ లోపలికి వెళితే ఉంది. అక్కడ 1557 నాటి కొలతల శాసనం ప్రకారం ఒక ఐమర్‌కు 160 మాస్‌లు. అయితే ఆ మాస్ ఒకటి కాదు, మూడు. గానుగ నుంచి అప్పుడే దిగిన ద్రాక్షరసం కొలవడానికి పెద్ద మాస్, 1.917 లీటర్లు. తేరుకున్న తేట వైన్‌కు 1.837 లీటర్లు. మద్యం అంగడిలో తాగేవాడికి పోసే మాస్ 1.670 లీటర్లు. ఒకే రాజ్యం, ఒకే పానీయం, ఒకే పేరు, మూడు పాత్రలు. ఇది మోసం కాదు, పొరపాటూ కాదు. శాసనంలో రాసి, ముద్ర కొట్టి, అందరికీ తెలిసేలా నడిపిన పద్ధతి.

ఎందుకు పెట్టారో చూడండి. కొత్త రసంలో మడ్డి ఉంటుంది. కొన్నవాడు ఇంటికి తీసుకెళ్ళాక అది అడుక్కి దిగుతుంది, పైన మిగిలే వైన్ తగ్గుతుంది. ఆ తరుగు రైతు భరించాలని పెద్ద కొలత పెట్టారు. 1.917కూ 1.837కూ తేడా నాలుగు శాతం పైచిలుకు. అదే సమయంలో పారిస్‌లో చూడండి: అక్కడి వైన్ పీపా లెక్క మ్యూయి. తేట వైన్ అయితే 288 పింట్లు, మడ్డితో కలిపి అయితే 300 పింట్లు. ఆ తేడా కూడా నాలుగు శాతం పైచిలుకే. ఒకరినొకరు చూసి రాసుకున్నారని నేను అనను. మడ్డి ఎంత దిగుతుందో వైన్ చేసేవాళ్ళకు అనుభవంలో తెలుసు, కాబట్టి రెండుచోట్లా కొలత దాదాపు ఒకే అంకె దగ్గర స్థిరపడింది. ఇలాంటివి చదివినప్పుడు నాకు ఆ పాత కొలతగాళ్ళ మీద గౌరవం పెరుగుతుంది.

ఇక అంగడి మాస్ సంగతి. లెక్క వేసి చూడండి: 10 తేట మాస్‌లు 18.37 లీటర్లు, 11 అంగడి మాస్‌లు కూడా 18.37 లీటర్లే. అంటే అంగడివాడు పది కొని పదకొండు అమ్ముతాడు. జర్మన్ ఊళ్ళలో మద్యం మీద పన్ను వేసే తీరు ఇది. ధర పెంచితే జనం గొడవ చేస్తారు. కొలత తగ్గించి, మిగిలిన దాంట్లోంచి పన్ను కట్టించుకుంటే ధర బోర్డు మీద అంకె మారదు. బవేరియాలోనూ ఇదే తీరు: పీపా కొలిచేటప్పుడు ఐమర్‌కు 64 మాస్‌లు, అంగడిలో పోసే ఐమర్‌కు 60 మాస్‌లు. మీ మూలంలో ఒక వ్యాపారి రాసిన ఐమర్, ఒక యాత్రికుడు సత్రంలో తాగిన మాస్ పక్కపక్కన వస్తే వాటిని ఒకే లెక్కలో పెట్టకండి.

మాస్ ఎంత ముఖ్యమైన కొలతో చెప్పడానికి ఇంకొక్క మాట. బీరులో బార్లీ, హాప్స్ (చేదు కోసం వేసే ఒక తీగ పూలు), నీళ్ళు తప్ప వేరేవి వేయకూడదన్న 1516 నాటి బవేరియా శాసనం చాలామందికి తెలుసు. ఆ శాసనం మొదలయ్యేది ధరలతో. సెప్టెంబరు చివరి మికాయేల్ పండుగ నుంచి ఏప్రిల్ చివరి జార్జి పండుగ దాకా మాస్ బీరు ఒక ఫెన్నిగ్ మించకూడదు, మిగతా కాలంలో రెండు ఫెన్నిగ్‌లు మించకూడదు అని. కొలత గట్టిగా లేకపోతే ఆ ధరల నియమానికి విలువే ఉండదు. మ్యూనిక్ బీరు పండుగలో ఇప్పుడు ఇచ్చే మాస్ సరిగ్గా 1 లీటరు. 19వ శతాబ్దంలో అది 1.069 లీటర్లు. మెట్రిక్ పద్ధతి 1872లో జర్మనీ అంతటా తప్పనిసరి అయ్యాక పేరు మిగిలి, పరిమాణం మారింది.

ఇప్పుడు ఇంగ్లండ్. మీ అనువాదంలో ఎక్కువగా తగిలేవి ఇవే కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

1215 నాటి మాగ్నా కార్టా 35వ అంశంలో, రాజ్యమంతటా వైన్‌కు ఒకే కొలత, ఏల్‌కు (బీరు లాంటి పానీయం) ఒకే కొలత, ధాన్యానికి ఒకే కొలత ఉండాలని రాశారు. జాగ్రత్తగా చూస్తే, మూడింటికీ కలిపి ఒకే కొలత అని అడగలేదు. ఒక్కోదానికి ఒక్కోటి అని అప్పుడే ఒప్పుకున్నారు. ఆ విడివిడి లెక్క 600 ఏళ్ళు నడిచింది. 18వ శతాబ్దానికి వచ్చేసరికి వైన్ గ్యాలన్ 231 ఘనపు అంగుళాలు, అంటే 3.785 లీటర్లు. ఏల్, బీరు గ్యాలన్ 282 ఘనపు అంగుళాలు, 4.62 లీటర్లు. ధాన్యం గ్యాలన్ ఈ రెంటికీ మధ్య, 4.4 లీటర్ల దగ్గర.

ఆ 231 అంకె చట్టంలోకి వచ్చిన తీరు బాగుంటుంది. సుంకం అధికారులు వైన్ పీపాలను గ్యాలన్‌కు 231 ఘనపు అంగుళాల లెక్కన కొలుస్తూ పన్ను వసూలు చేసేవాళ్ళు. 1688లో లండన్ గిల్డ్‌హాల్‌లో ఉన్న ప్రామాణిక వైన్ గ్యాలన్ పాత్రను నిపుణులు కొలిచారు. వాళ్ళలో ఖగోళ శాస్త్రజ్ఞులు ఫ్లామ్‌స్టీడ్, హేలీ కూడా ఉన్నారు. పాత్రలో పట్టింది 224 ఘనపు అంగుళాలే. అయినా వసూళ్ళు 231 మీదే సాగాయి. 1700లో స్పెయిన్ వైన్ దిగుమతి చేసుకున్న ఒక వ్యాపారి కోర్టులో ఎదురు తిరిగాడు. "ప్రభుత్వ ఖజానాలో ఉన్న చట్టబద్ధమైన గ్యాలన్ 282 ఘనపు అంగుళాలు కదా, నా పీపాల్లో దాని లెక్కన చూడండి" అన్నాడు. పెద్ద గ్యాలన్‌తో లెక్కిస్తే గ్యాలన్ల సంఖ్య తగ్గుతుంది, సుంకమూ తగ్గుతుంది. ప్రభుత్వం దగ్గర దానికి గట్టి సమాధానం లేకపోయింది. అందుకే 1706లో ఆన్ రాణి కాలపు పార్లమెంటు చట్టం చేసి తేల్చింది: 7 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల లోతు ఉన్న గుండ్రటి పాత్రలో పట్టేది వైన్ గ్యాలన్. π (పై) విలువ 22/7 వేసుకుని లెక్క కడితే సరిగ్గా 231 వస్తుంది.

ఇంత శ్రమ పడ్డాక, 1824లో బ్రిటన్ వైన్, ఏల్, ధాన్యం గ్యాలన్లు మూడింటినీ రద్దు చేసింది. వాటి స్థానంలో ఇంపీరియల్ గ్యాలన్ వచ్చింది. 62 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, బారోమీటర్ 30 అంగుళాలు ఉన్నప్పుడు, 10 పౌండ్ల నీళ్ళు ఎంత చోటు తీసుకుంటాయో అంత. 1826 జనవరి 1 నుంచి అది అమలైంది. ఇప్పటి లెక్కలో 4.546 లీటర్లు.

అప్పటికి అమెరికా విడిపోయి అర్ధశతాబ్దం కావస్తోంది. బ్రిటన్ కొత్త గ్యాలన్ వాళ్ళను కట్టిపడేయలేదు. 1832లో అమెరికా ఖజానా శాఖ, కొలతల అధికారి హాస్లర్ సలహా మీద, పాత 231 ఘనపు అంగుళాల వైన్ గ్యాలన్‌నే ప్రమాణంగా తీసుకుంది. ఇవాళ డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన తెలుగువాళ్ళు కారులో గ్యాలన్ల లెక్కన పెట్రోలు పోయించుకుంటుంటే, అది ఆన్ రాణి కాలపు వైన్ గ్యాలనే. పింట్ తేడా కూడా ఇక్కడిదే. అమెరికా పింట్ 16 ఔన్సులు, 473 మిల్లీలీటర్లు. బ్రిటిష్ పింట్ 20 ఔన్సులు, 568 మిల్లీలీటర్లు. పైగా ఆ ఔన్సు కూడా రెండుచోట్లా ఒకటి కాదు: అమెరికాది 29.57, బ్రిటన్‌ది 28.41 మిల్లీలీటర్లు.

కాబట్టి ఇంగ్లిష్ మూలానికి ఇలా పట్టుకోండి. 1826కు ముందు వైన్, బ్రాందీ, నూనె అయితే గ్యాలన్ 3.785. అదే కాలంలో బీరు, ఏల్ అయితే 4.62. 1826 తర్వాత బ్రిటన్‌లో ఏదైనా 4.546. అమెరికాలో 1832 తర్వాత ఏదైనా 3.785. స్కాట్లండ్ మాత్రం వేరు. అక్కడి పాత పింట్ 1.7 లీటర్లు, అంటే మూడు బ్రిటిష్ పింట్లకు దగ్గర. దాని ప్రామాణిక పాత్ర స్టిర్లింగ్ ఊరి సంరక్షణలో ఉండేది. 1707లో ఇంగ్లండ్‌తో విలీనం తర్వాత చట్టం ప్రకారం పోయినా జనం వాడకంలో చాలాకాలం నిలిచింది. స్కాట్లండ్ కథలో ఒక మనిషి ఒక పింట్ ఏల్ తాగి తూలాడంటే దానికి తగిన కారణమే ఉంది.

ఇంగ్లిష్ పీపాల వరుస మీద ఇంకాస్త చెప్పాలి. వైన్‌కు పెద్దది టన్, 252 గ్యాలన్లు. 15వ శతాబ్దం చివర రిచర్డ్ III కాలంలోనే ఈ అంకె చట్టంలో ఉంది. దాంట్లో సగం పైప్, 126. మూడో వంతు పంచియన్, 84. నాలుగో వంతు హాగ్స్‌హెడ్, 63. ఆరో వంతు టియర్స్, 42. ఎనిమిదో వంతు బ్యారెల్, 31.5. చిన్నది రండ్లెట్, 18. 252ను 2, 3, 4, 6, 12, 14 దేనితో భాగించినా శేషం రాదు. పంచుకోవడానికీ పన్ను వేయడానికీ అనువైన అంకె అది. టన్ నిండా వైన్ ఉంటే 954 లీటర్లు. ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి ఇంగ్లండ్‌కు వచ్చే ఓడల సామర్థ్యాన్ని ఎన్ని టన్నుల వైన్ పడుతుందో దాన్నిబట్టే చెప్పేవాళ్ళు. ఓడల టన్నేజీ లెక్కకు పునాది అదే.

ఆ వరుసలోని 42 ఇప్పటికీ రోజూ మన వార్తల్లో వస్తోంది. "ముడి చమురు బ్యారెల్ ధర ఇంత" అని చదువుతాం కదా, ఆ బ్యారెల్ 42 అమెరికన్ గ్యాలన్లు, దాదాపు 159 లీటర్లు. పేరు బ్యారెల్ అయినా పరిమాణం పాత టియర్స్‌ది. 1859లో పెన్సిల్వేనియాలో డ్రేక్ బావిలో చమురు పడ్డాక, దొరికిన ప్రతి పీపాలో నింపి అమ్మారు. విస్కీ పీపాలు, చేపల పీపాలు, ఏది పడితే అది. కొన్నవాడికి ఎంత వచ్చిందో తెలియని పరిస్థితి. 1866లో అక్కడి ఉత్పత్తిదారులు కలిసి 42 గ్యాలన్లను ఒక బ్యారెల్‌గా ఒప్పుకున్నారు. 40 గ్యాలన్లకు ధర, దారిలో కారిపోయేదానికీ ఆవిరయ్యేదానికీ ఇంకో రెండు అన్న లెక్కతో. ఇప్పుడు చమురు ఆ పరిమాణంలో పీపాల్లో ప్రయాణించడం లేదు. లెక్క మాత్రం మిగిలింది.

బీరుకు వేరే వరుస. 1531లో హెన్రీ VIII కాలపు చట్టం ప్రకారం బీరు బ్యారెల్ 36 గ్యాలన్లు, ఏల్ బ్యారెల్ 32. అప్పట్లో ఏల్ అంటే హాప్స్ వేయనిది, బీరు అంటే వేసినది. బ్యారెల్‌లో నాలుగో వంతు ఫిర్కిన్. కనుక బీరు ఫిర్కిన్ 9 గ్యాలన్లు, ఏల్ ఫిర్కిన్ 8. 1803లో రెంటినీ 36కే కలిపారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పీపా పేరు రెండు పనులు చేస్తుంది: ఒకటి చట్టంలోని కొలత, రెండోది చెక్కతో చేసిన అసలు వస్తువు. చట్టంలో పైప్ 126 గ్యాలన్లు, 477 లీటర్లు. కానీ పోర్చుగల్‌లో డౌరో లోయ వాళ్ళు పోర్ట్ వైన్ నింపే పైప్ 550 లీటర్లు. మదీరా దీవి పైప్ 418 లీటర్లు. మద్రాసులోని ఇంగ్లిష్ వాళ్ళు మదీరాను పైపుల లెక్కన తెప్పించుకునేవాళ్ళు. అలాంటి ఉత్తరం తగిలితే 477 కాకుండా 418 దగ్గర అంకె వేసుకోవడం మేలు. బోర్డోలో బారిక్ 225 లీటర్లు, నాలుగు బారిక్‌లు ఒక టొన్నో. బర్గండీ పీపా 228, షాంపేన్ పీపా 205. ఈ ఫ్రెంచి పీపాల పరిమాణాలు ఇవాళ్టికీ వైన్ తయారీలో నడుస్తున్నాయి.

చెక్క పీపాను ఎలా కొలిచేవాళ్ళు? నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. నడుము దగ్గర ఉబ్బి, రెండు చివరలా సన్నబడే ఆకారం అది. బయటినుంచి కొలిస్తే లోపల ఎంత పడుతుందో తేలదు. ఒక్కో పాత్రా ముంచి పోస్తే రోజంతా పడుతుంది. ఆస్ట్రియాలో దీనికి ఒక సులువు కనిపెట్టారు. పీపా నడుములో బిరడా పెట్టే కన్నం ఉంటుంది కదా, దాంట్లోంచి ఒక కొలబద్దను ఏటవాలుగా అడుగు మూలకు తగిలేదాకా దించి, కన్నం దగ్గర గుర్తు చూసి "ఇన్ని ఐమర్లు" అని చెప్పేసేవాళ్ళు.

1613లో, ఆస్ట్రియాలోని లింజ్‌లో ఉంటున్న ఖగోళ శాస్త్రజ్ఞుడు యోహానెస్ కెప్లర్ రెండో పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఏడు ద్రాక్ష పంట బాగా వచ్చింది. డాన్యూబ్ మీదుగా పీపాలు దిగాయి, ఆయనా ఇంటికి కొన్ని కొన్నాడు. అమ్మినవాడు వచ్చి అన్ని పీపాల్లోనూ ఆ ఒక్క కర్రే దించి ధర కట్టడం చూశాడు. గ్రహాల కక్ష్యల లెక్కలు తేల్చిన మనిషికి అది మింగుడు పడలేదు. పొట్టి లావు పీపాకూ పొడుగు సన్న పీపాకూ ఆ ఏటవాలు దూరం ఒకటే కావచ్చు, రెంటిలో పట్టే వైన్ ఒకటే ఎలా అవుతుంది? దాని మీద కూర్చుని ఏకంగా పుస్తకమే రాసి 1615లో అచ్చు వేయించాడు.

ఆయన తేల్చిన విషయాన్ని మీరే లెక్క వేసుకోవచ్చు. పీపాను మామూలు సిలిండర్ అనుకోండి. ఏటవాలు కర్ర 1 మీటరు దిగిందనుకోండి. పొడవు వ్యాసానికి దాదాపు 1.41 రెట్లు ఉన్నప్పుడు అందులో అత్యధికంగా దాదాపు 605 లీటర్లు పడతాయి. అదే కర్ర అదే 1 మీటరు చూపిస్తూ, పొడవు వ్యాసానికి మూడు రెట్లు ఉంటే పట్టేది 402 లీటర్లే. అంటే కెప్లర్ అనుమానం న్యాయమైనదే, కర్ర ఘోరంగా మోసం చేయగలదు. కానీ ఆస్ట్రియా పీపాల నిష్పత్తి ఆ గరిష్ఠానికి దగ్గరగా ఉందని ఆయనే గుర్తించాడు. గరిష్ఠం దగ్గర ఉన్న గొప్ప గుణం ఏమిటంటే, పీపా చేసేవాడి చేతిలో పొడవు పది శాతం అటూ ఇటూ అయినా ఘనపరిమాణం ఒకటిన్నర శాతం కంటే పెద్దగా మారదు. పీపాలు చేసే వడ్రంగులకు గణితం తెలియదు. అయినా వాళ్ళ నిష్పత్తి వల్ల ఆ కర్ర కొలత ఆస్ట్రియాలో నిజాయితీగానే పనిచేసింది. గరిష్ఠం దగ్గర మార్పు దాదాపు సున్నా అన్న ఆ గమనికే తర్వాత కాలపు కలన గణితానికి తొలి మెట్లలో ఒకటైంది.

మన ట్యాంకర్ లారీల్లో ఎంత ఉందో చూడటానికి దించే కొలబద్ద, డిప్ రాడ్‌దీ ఇదే సమస్య. ఒక లారీ రాడ్ ఇంకో లారీలో దించితే అంకె వస్తుంది, కానీ దానికి అర్థం ఉండదు. అందుకే రాడ్ మీద ఆ లారీ నంబరు చెక్కి, ఒక్కో అరను విడిగా కొలిచి, చార్టు ఇస్తారు. వేరే ప్రాంతపు పీపాలకు తమ కర్ర చెల్లదని కెప్లర్ 400 ఏళ్ళ కిందటే రాశాడు.

కెప్లర్ అక్కడితో ఆగలేదు. 1627లో ఉల్మ్ నగరం తమ కొలతలు సరిచేయమని అడిగితే ఒక కంచు పాత్ర రూపొందించి ఇచ్చాడు. దాని లోతు రెండు అడుగులు, వెడల్పు ఒక మూర కొలత. ఖాళీగా మూడున్నర సెంట్నర్ల (పాత జర్మన్ తూకం) బరువు, డాన్యూబ్ నీళ్ళతో నింపితే ఏడు సెంట్నర్లు. ఇదంతా పాత్ర మీదే పద్యంగా పోత పోశారు. పొడవు, ఘనపరిమాణం, బరువు మూడూ ఒక్క వస్తువులో. ఒకటి పోయినా మిగతావాటి నుంచి తిరిగి రాబట్టుకోవచ్చు. మెట్రిక్ పద్ధతి ఆలోచనకు ఇది 170 ఏళ్ళు ముందు.

నీళ్ళ బరువుతో పరిమాణాన్ని కట్టడం అంతకంటే చాలా పాతది. రోమన్లు ఒక ఘనపు అడుగును ఆంఫోరా అన్నారు, సుమారు 26 లీటర్లు. అందులో 80 పౌండ్ల వైన్ పట్టాలి. దానిలో ఎనిమిదో వంతు కాంగియస్, 10 పౌండ్లు. కాంగియస్‌లో ఆరో వంతు సెక్స్టేరియస్, సుమారు 0.54 లీటరు. వెస్పేసియన్ చక్రవర్తి కాలం నాటి, క్రీ.శ. 75కు చెందిన కాంగియస్ పాత్ర ఒకటి డ్రెస్డెన్‌లో ఉంది. బ్రిటన్ 1824లో ఎంచుకున్నదీ 10 పౌండ్లే. రష్యా 1835లో తమ ద్రవ కొలత వెద్రోను 30 రష్యన్ పౌండ్ల శుద్ధమైన నీళ్ళుగా నిర్ణయించింది, 12.3 లీటర్లు. అందులో పదో వంతు ష్టోఫ్, నూరో వంతు చార్కా. రష్యన్ శాసనంలో ఉష్ణోగ్రత 13⅓ రియోమ్యూర్ డిగ్రీలు (అప్పటి ఇంకో ఉష్ణోగ్రత కొలమానం) అని ఉంటుంది. దాన్ని ఫారెన్‌హీట్‌లోకి మార్చి చూస్తే 62 డిగ్రీలు, అచ్చంగా బ్రిటన్ పెట్టుకున్నదే. పెట్రోలుతో పనిచేసినవాళ్ళకు ఉష్ణోగ్రత విలువ చెప్పనక్కర్లేదు. పది డిగ్రీలు పెరిగితే పెట్రోలు దాదాపు ఒక శాతం ఉబ్బుతుంది.

ఫ్రాన్స్ గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే దానికి మంచి పట్టికలు దొరుకుతాయి. పారిస్ పింట్ 0.952 లీటరు. అందులో సగం షోపిన్, నాలుగో వంతు దెమీ సెత్యే. ఎనిమిది పింట్లు ఒక వెల్త్, 36 వెల్త్‌లు ఒక మ్యూయి, 274 లీటర్లు. ఇవి పారిస్‌వి మాత్రమే, వేరే ఊళ్ళకు వాడకండి. విప్లవం తర్వాత 1795 ఏప్రిల్ 7 చట్టం లీటరును ఘనపు డెసిమీటరుగా నిర్ణయించింది. పారిస్ పింట్‌కు అది దగ్గరగా ఉండటం జనానికి కొంత కలిసొచ్చింది. అయినా 1812లో నెపోలియన్ పాత పేర్లకు, పాత భాగాలకు మళ్ళీ తలుపు తెరిచాడు. 1840 జనవరి 1 నుంచి గానీ మెట్రిక్ ఒక్కటే తప్పనిసరి కాలేదు. కాబట్టి 1812కూ 1840కీ మధ్య ఫ్రెంచి మూలాలు చదివేటప్పుడు, పాత పేరు కనబడ్డంత మాత్రాన పాత పరిమాణం అనుకోకూడదు.

ఇదే ఉచ్చు డచ్చి మూలాల్లో ఇంకా లోతుగా ఉంది. పాత ఆమ్‌స్టర్‌డామ్ కొలతల్లో మెంగెల్ 1.21 లీటర్లు, 32 మెంగెల్‌లు ఒక అంకర్, నాలుగు అంకర్లు ఒక ఆమ్, 155 లీటర్లు. 1820 నుంచి నెదర్లాండ్స్ మెట్రిక్‌కు మారింది, కానీ కొత్త కొలతలకు పాత పేర్లే పెట్టింది. లీటరుకు కన్ అని, వంద లీటర్లకు వాట్ అని. 1825 నాటి డచ్చి కాగితంలో కన్ ఉంటే అది సరిగ్గా 1 లీటరు.

దక్షిణ యూరప్‌లో గుర్తుపెట్టుకోవాల్సింది ద్రవం తేడా. స్పెయిన్‌లో వైన్ అరోబా 16.1 లీటర్లు, నూనె అరోబా 12.6. టస్కనీలో వైన్ బారిలె 45.6 లీటర్లు, నూనెది 33.4. రెండుచోట్లా నూనె పాత్రే చిన్నది.

ఇక అనువాదంలో ఏం చేయాలి? దశాంశాలు తీసేయండి. 238.48 లీటర్లు అని రాస్తే మూలంలో లేని కచ్చితత్వాన్ని మీరు కల్పించినట్టు అవుతుంది. కొలత పేరు తెలుగు లిపిలో ఉంచి, మొదటిసారి వచ్చినచోట "సుమారు ఇన్ని లీటర్ల పీపా" అని ఒక్క మాట కలిపితే చాలు. మన కుంచం, మానిక లాంటి పేర్లు పెట్టకండి. అవి ధాన్యం కొలతలు, పైగా అవీ ఊరికో రకం. కథనంలో పోలిక ముఖ్యమైతే, అంటే ఒకడికి పైప్, ఇంకొకడికి హాగ్స్‌హెడ్ వచ్చిందంటే, లీటర్ల కంటే "నాలుగో వంతు" "సగం" అన్న సంబంధం పాఠకుడికి చేరాలి. ఆ సంబంధాలు ఒకే ఊరి, ఒకే ద్రవపు వరుసలో చాలా గట్టిగా ఉంటాయి, లీటర్లు కాస్త అటూ ఇటూ అయినా.

ఉదాహరణకు 1720లో లండన్‌లో రాసిన ఉత్తరంలో రెండు హాగ్స్‌హెడ్‌ల క్లారెట్, ఒక ఫిర్కిన్ ఏల్ అని ఉందనుకోండి. క్లారెట్ అంటే బోర్డో నుంచి వచ్చే ఎర్ర వైన్. చట్టం ప్రకారం హాగ్స్‌హెడ్ 63 వైన్ గ్యాలన్లు, 238 లీటర్లు. కానీ అసలు దిగింది బోర్డో బారిక్ కావచ్చు, 225. కనుక "ఒక్కోటి 230 లీటర్ల దాకా పట్టే రెండు పీపాలు" అంటే చాలు. ఫిర్కిన్ దగ్గర గ్యాలన్ మారిపోతుంది: ఏల్ కాబట్టి 8 గ్యాలన్లు, గ్యాలన్‌కు 4.62 లెక్కన 37 లీటర్లు. బీరు అని ఉంటే 9 గ్యాలన్లు, 41 లీటర్ల పైన. ఉత్తరం 1830 నాటిదైతే గ్యాలన్ 4.546, ఫిర్కిన్ ఏదైనా 9 గ్యాలన్లు, సుమారు 41 లీటర్లు. మీ దగ్గరున్న మూలాల్లో ఊరు, సంవత్సరం, ద్రవం మూడూ ఉన్న వాక్యాలు ఇక్కడ పెట్టండి, ఒక్కోదానికి విడిగా చూసి చెబుతాను.